ఊహయు ప్రత్యుదాహరణయు

వృత్తపరిధిపై రెండు బిందువులు గుర్తించి జ్యాతో కలిపినచో వృత్తము 2 ఖండములగును. మూడింటిని కలుపగా 4, నాలుగింటికి 8, అయిదింటికి 16 ఏర్పడును. ఇంతవరకు చూచిన విద్యార్థి ఆరింటికి 32 అని నిస్సంశయముగా పలుకును. కాని ఎట్లు గీచినను 31కి మించి లభింపవు. కారణ మరసినచో, ప్రతి జ్యాయు ఒక ఖండమును, వృత్తములోపలి ప్రతి ఖండనబిందువును మరియొక ఖండమును పెంచుచున్నవి. ఆరు బిందువులకు జ్యాలు 15, ఖండనబిందువులు 15, మొదటి అఖండవృత్తముతో కూడ 31.

అనేక దృష్టాంతములనుండి సామాన్యనియమము నూహించు ఈ ఆగమనపద్ధతిని మన నైయాయికులు భూయోదర్శనమని పేర్కొని, దాని హద్దును సైతము నిర్ణయించిరి. పొగ యున్నచోట నిప్పుండు ననుట సత్యమైనను, నిప్పున్నచోట నెల్ల పొగ యుండునని తిరుగవేసి చెప్పరాదనుటకు, ఎఱ్ఱగా కాలిన యినుపగుండు నొక్కదానిని చూపి వారు వాదమును ముగించిరి. తర్కసంగ్రహకర్త అన్నంభట్టు ఆంధ్రుడగుటచే ఈ మార్గము మనకు పరాయిది కాదు.

ఇట్టి వివేకమునకు ఆధునికగణితమున ఉజ్జ్వలోదాహరణము 1921లో ఫ్రాంక్‌ఫర్టు విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి నధిష్ఠించిన మాక్స్ డేన్ కృషి. సమానవైశాల్యము గల రెండు బహుభుజులలో ఒకదానిని ముక్కలుగా కోసి రెండవదానిగా కూర్పవచ్చును. ఘనాకృతులకును ఇట్లే సాధ్యమగునా యని 1900లో హిల్బర్టు తన ప్రసిద్ధసమస్యలలో మూడవదిగా ప్రశ్నింపగా, కాదని ఆయన శిష్యుడగు డేన్ ఆ యేటనే నిరూపించెను. ప్రతి అంచు పొడవును, అచ్చట ముఖములు కలియు కోణముతో జతపరచి, లంబకోణమునకు అకరణీయగుణిజములగు కోణములను సున్నగా నెంచి కూడినచో, ఎన్ని ముక్కలు చేసినను మారని రాశి యొకటి సిద్ధించును. సమఘనమున కోణములన్నియు లంబములే కనుక ఆ రాశి సున్న. క్రమచతుర్ముఖి కోణము సుమారు 70.5 డిగ్రీలై, అట్టి గుణిజము కానందున దాని రాశి సున్న కాదు. అందుచేత ఘనపరిమాణములు సమానములైనను ఒకటి రెండవది కాజాలదు.

1922 నుండి 1935 వరకు డేన్, హెల్లింగర్, ఎప్‌స్టీన్, జీగెల్ మొదలగువారు ఫ్రాంక్‌ఫర్టున గణితచరిత్రగోష్ఠిని నడపి, యూక్లిడు, ఆర్కిమెడీసు ప్రభృతుల గ్రంథములను మూలభాషలలోనే శిష్యులతో కూడి పఠించిరి. ముగిసిన సిద్ధాంతము వెనుక నెట్టి తడబాట్లు, ఎట్టి సవరణలు నుండెనో అట్టి పఠనమున గోచరించును. 1935లో నాజీపాలకులు యూదుడగు డేన్‌ను పదవినుండి తొలగించుటతో ఆ విద్యాసంపద అణగారిపోయినది. ఆ నష్టము ఒక్క జర్మనీది మాత్రము కాదు.

ఆ గోష్ఠియందలి పరిశోధనదృష్టి మన ఉన్నతపాఠశాలలకు మిక్కిలి అవసరము. n²+n+41 అను సూత్రమున 0 నుండి 39 వరకు ఏ సంఖ్య నుంచినను ప్రధానసంఖ్యయే వచ్చును; 40 నుంచగా 41 వర్గము వచ్చి ఊహ భగ్నమగును. రెండుకు మించిన ప్రతి సరిసంఖ్యయు రెండు ప్రధానసంఖ్యల మొత్తమను గోల్డ్‌బాకు ఊహకు, 1742లో ఆయిలరుతో జరిగిన లేఖావ్యవహారమున పుట్టినది మొదలు నేటివరకు, ప్రత్యుదాహరణయు దొరకలేదు, ఉపపత్తియు లభింపలేదు. పిల్లలు చిన్నసంఖ్యలతో పట్టికలు వేసి, నియమమును తమ మాటలలో చెప్పి, అది ఎచ్చట తప్పునో తామే వెదకి, తప్పినచోట సవరించి, నిలిచినచోట కారణము నడుగవలెను. సిద్ధాంతమును నల్లబల్లపై వ్రాయుటకు పూర్వము ఈ వెదకులాటకు కొంతకాలమును విడువవలసినదని ఉపాధ్యాయులకు నా ప్రార్థన.