ఆకారము చెడలేదు, స్పర్శ కుదిరినది

జీవశాస్త్ర పాఠములలో కొడవలి కణ వ్యాధిని గురించి ఒక వివరణ తరచుగా కనబడుచుండును. హీమోగ్లోబిన్‌లోని బీటా గొలుసునందు 6వ స్థానమున గ్లుటామిక్ ఆమ్లమునకు బదులు వాలీన్ చేరినది. అందుచే హీమోగ్లోబిన్ ఆకారము చెడినది. అందుచే ఎర్రరక్తకణము కొడవలివలె వంగినది. విద్యార్థులు దీనిని సులభముగా జ్ఞాపకముంచుకొందురు. పరీక్షలో వ్రాసి మార్కులును పొందుదురు. నేనును కొన్ని సంవత్సరములు ఇట్లే బోధించితిని. ఒకనాడు వెనుక వరుసలోని కుర్రవాడొకడు లేచి, "సార్, ఆకారమే చెడిపోతే మరి అది ఆక్సిజన్‌ను ఎలా మోస్తుంది?" అని అడిగెను. నాకు వెంటనే సమాధానము తోచలేదు. ఇంటికి పోయి పుస్తకములు తిరగవేసిన పిమ్మట, తప్పు నా పాఠములోనే ఉన్నదని తెలిసినది. ఆ తప్పును విమర్శించుటయే ఈ వ్యాసోద్దేశము.

ముందుగా ఈ వివరణలోని మంచిని ఒప్పుకొనవలెను. దాని మొదటి మెట్టు నిజము. 1949లో పౌలింగ్, ఇటానో, సింగర్, వెల్స్ అను శాస్త్రజ్ఞులు ఈ రోగుల హీమోగ్లోబిన్ విద్యుత్ క్షేత్రములో సాధారణ హీమోగ్లోబిన్‌వలె కదలదని చూపి, దీనిని అణువునకు సంబంధించిన వ్యాధిగా వర్ణించిరి. తరువాత 1956, 1957 సంవత్సరములలో ఇంగ్రామ్ ఆ భేదము ఒకే ఒక అమైనో ఆమ్లములో ఉన్నదని నిరూపించెను. చివరి మెట్టును నిజమే, కణము వంగును. లోపమంతయు నడిమి మెట్టులో నున్నది.

హీమోగ్లోబిన్ అణువులో నాలుగు గొలుసులు కలవు. ఆల్ఫా గొలుసులు రెండు, ఒక్కొక్కదానిలో 141 అమైనో ఆమ్లములు. బీటా గొలుసులు రెండు, ఒక్కొక్కదానిలో 146. మొత్తము 574. వీనిలో మారినవి రెండు మాత్రమే, బీటా గొలుసున కొకటి చొప్పున. ఆ 6వ స్థానము అణువుయొక్క గర్భములో లేదు. వెలుపలి తలమున, నీటికి ఎదురుగా ఉన్నది. కావున అక్కడ జరిగిన మార్పు లోపలి కట్టడమును కదలింపదు. రోగి హీమోగ్లోబిన్‌ను, సాధారణ హీమోగ్లోబిన్‌ను ప్రక్కప్రక్కన ఉంచి పోల్చినచో ఒక్కొక్క అణువుయొక్క రూపము ఇంచుమించు ఒకటియే. విడిగా ఉన్నప్పుడు అది ఆమ్లజనిని, అనగా ఆక్సిజన్‌ను, సాధారణ హీమోగ్లోబిన్‌వలెనే మోయగలదు. ఆ కుర్రవాని సందేహమునకు ఇదియే సమాధానము. చెడినది కణముయొక్క ఆకారము, అణువుయొక్క ఆకారము కాదు.

మరి కణము ఎందుకు వంగుచున్నది? ఒక అణువు ప్రక్క అణువుతో క్రొత్తగా స్పర్శ పొందుటచేత. గ్లుటామిక్ ఆమ్లము విద్యుదావేశము కలది, నీటికి ప్రియమైనది. వాలీన్ నూనె స్వభావము కలది, నీటికి విముఖమైనది. హీమోగ్లోబిన్ ఆమ్లజనిని విడిచినప్పుడు, ప్రక్క అణువు బీటా గొలుసుమీద 85వ ఫెనిలలనీన్, 88వ ల్యూసీన్ అను రెండు నూనె స్వభావపు శేషములు కలసి ఒక చిన్న గుంటవలె అమరియుండును. వాలీన్ నీటిని తప్పించుకొని ఆ గుంటలో ఇముడును. ఆమ్లజని చేరియున్నప్పుడు గుంట అమరిక వేరుగా ఉండుటచే అది సరిగా ఇముడదు. ఈ స్పర్శచే అణువులు జంట వరుసలుగా పేరుకొనును. అట్టి వరుసలు 14 పెనవేసికొని త్రాడువంటి తంతువగును. ఈ తంతువులు లోపలనుండి త్రోయుటచే కణము వంగును. 1975లో విష్నర్, లవ్ మొదలగువారు 5 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో తీసిన స్ఫటిక నిర్మాణము ఈ జంట వరుసలను చూపినది. 1997లో 2.05 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో ఆ స్పర్శలు మరింత వివరముగా తెలిసినవి.

కొన్ని పుస్తకములు ఆమ్లజని తగ్గినప్పుడు అణువులు పేరుకొనునను మాటను చేర్చుచున్నవి. అది మెచ్చదగినదే. కాని వాలీనే ఎందుకు అను ప్రశ్నను అవియు విడిచిపెట్టుచున్నవి. ఇక్కడ ఒక చక్కని నిదర్శనమున్నది. అదే 6వ స్థానమున వాలీన్‌కు బదులు లైసీన్ చేరిన హీమోగ్లోబిన్ కూడ మనుష్యులలో కలదు. దానిని హీమోగ్లోబిన్ సి అందురు. 1958లో హంట్, ఇంగ్రామ్ ఈ సంగతి చూపిరి. గ్లుటామిక్ ఆమ్లము ఋణావేశము కలది, లైసీన్ ధనావేశము కలది. విద్యుదావేశము దృష్ట్యా ఇది వాలీన్ చేరుటకంటె పెద్ద మార్పు. ఐనను హీమోగ్లోబిన్ సి ఈ తంతువులను అల్లదు. ఏలయనగా ఆవేశము గల లైసీన్ ఆ నూనె గుంటలో ఇముడదు. మార్పే కారణమైనచో పెద్ద మార్పు ఎక్కువ హాని చేయవలసినది. కారణము మార్పు కాదు, మార్పువలన కుదిరిన స్పర్శ.

స్పర్శ అనగా ఏమి? దానిని ఎట్లు లెక్కింతురు? ఇందు కావలసినది ఉన్నత పాఠశాల గణితమే. ఎక్స్-కిరణములచే తెలిసిన నిర్మాణములలో ప్రతి పరమాణువునకును మూడు నిరూపకములుండును. 1971లో ఏర్పడిన ప్రోటీన్ డేటా బ్యాంక్ ఇట్టి నిర్మాణములను అందరికిని ఉచితముగా ఇచ్చుచున్నది. రెండు బిందువుల నిరూపకముల భేదములను వర్గించి, కూడి, వర్గమూలము తీసినచో వాని దూరము వచ్చును. దూరము ఒక హద్దునకు లోబడినచో ఆ రెండు శేషములును స్పర్శలో ఉన్నవని వ్రాసికొందురు. 574 శేషములను ఇద్దరిద్దరుగా జతపరచినచో 1,64,451 జతలు వచ్చును. యంత్రగణకమునకు ఇది క్షణములో పని.

ఐతే ఈ పద్ధతిని కూడ విమర్శింపక విడువరాదు. ఆ హద్దు ప్రకృతి పెట్టినది కాదు, మనము పెట్టుకొన్నది. ప్రక్క గొలుసులోని మొదటి కర్బన పరమాణువులమధ్య 8 ఆంగ్‌స్ట్రామ్‌లని కొందరు, ఉదజని కాని ఏ రెండు పరమాణువులమధ్యనైనను 4 లేక 5 అని మరికొందరు తీసికొందురు. ఒక ఆంగ్‌స్ట్రామ్ మిల్లీమీటరులో కోటియవ వంతు. హద్దును కొంచెము జరిపినచో జాబితాలో పేర్లు మారును. అదియుగాక, దగ్గరగా ఉన్నవన్నియు ఒకదానినొకటి పట్టుకొన్నట్లు కాదు. రైలు పెట్టెలో ప్రక్కప్రక్కన కూర్చున్నవారందరును బంధువులు కారు గదా. అన్నింటికంటె ముఖ్యమైనది మరొకటి. ఒకే అణువులోపలి జతలను మాత్రమే లెక్కించువాడు ఈ వ్యాధికి మూలమైన స్పర్శను ఎన్నటికిని చూడలేడు. అది రెండు అణువులమధ్య నున్నది. స్ఫటికములోని పొరుగు అణువును కూడ లెక్కలో చేర్చవలెను. అమైనో ఆమ్లముల వరుసనుబట్టి నిర్మాణమును ఊహించు ఆల్ఫాఫోల్డ్ అను సాధనమును నిర్మించినందుకు 2024లో హస్సాబిస్, జంపర్‌లకు రసాయనశాస్త్ర నోబెల్ బహుమానములో భాగము లభించినది. అది గొప్ప విజయమే. కాని ఒంటరి గొలుసు రూపమును ఎంత చక్కగా గీసినను, ఈ వ్యాధి ఆ చిత్రములో కనబడదు.

ఒక్క మాట మారినంతమాత్రమున ఇంత చర్చ ఎందుకని ఉపాధ్యాయులు అడుగవచ్చును. ఈ వ్యాధి మనకు దూరమైనది కాదు. 1952లో లేమన్, కట్‌బుష్‌లు నీలగిరి గిరిజనులలో దీని జాడ కనుగొనిరి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల గిరిజన ప్రాంతములలోను ఇది కలదు. 2047 నాటికి దీనిని నిర్మూలింపవలెనను జాతీయ కార్యక్రమము 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రారంభమైనది. రక్తపరీక్ష చేయించుకొని చీటీ చేతబట్టుకొన్న బాలుడు మన తరగతిలోనే ఉండవచ్చును. నీ రక్తము పుట్టుకతోనే చెడినదని పాఠము చెప్పినచో వానికి మిగులునది నిరాశ. స్పర్శను గురించి చెప్పినచో వానికి ఆలోచించుటకు దారి దొరకును.

స్పర్శ కుదిరినట్లే విడిపోవును. ఊపిరితిత్తులలో ఆమ్లజని చేరగానే తంతువులు కరగును. పలుమారులు వంగి పొర దెబ్బతిన్న కణములు మాత్రము మామూలు రూపమునకు రావు. తంతువు ఏర్పడుటకు కొంత ఆలస్యము పట్టును. 1974లో హాఫ్రిక్టర్, రాస్, ఈటన్ కొలిచినదానినిబట్టి, ఆ ఆలస్యము గాఢతయొక్క సుమారు 30వ ఘాతమునకు విలోమానుపాతముగా తగ్గును. గాఢత నూటికి పది పెరిగినచో ఆలస్యము సుమారు 17వ వంతునకు పడిపోవును. రోగి నీరు చాలినంత త్రాగవలెనని వైద్యులు చెప్పుటలోని అర్థమిదియే. తల్లిదండ్రులలో ఒకరినుండి మాత్రమే ఈ లక్షణము పొందినవారి కణములలో సాధారణ హీమోగ్లోబిన్ కూడ కలసియుండుటచే ఆలస్యము ఎంతో పెరిగి, సాధారణముగా కణము వంగకమునుపే ఊపిరితిత్తులకు చేరును. అట్టివారిని రోగులుగా చూచుట అన్యాయము. గర్భస్థ శిశువు హీమోగ్లోబిన్ ఈ తంతువులో ఇముడదు. అందుచేతనే పుట్టిన మొదటి నెలలలో బిడ్డకు బాధ కనబడదు. ఆ హీమోగ్లోబిన్‌ను పెంచు హైడ్రాక్సీయూరియాను వైద్యులు రోగులకు ఇచ్చుచున్నారు.

స్పర్శ తెలిసినంతనే మందు చేతికి వచ్చునని చెప్పుటలేదు. హీమోగ్లోబిన్‌ను ఆమ్లజని చేరిన రూపములో నిలిపి ఈ స్పర్శను తప్పింపవలెనను ఆలోచనతో తయారైన వొక్సెలోటార్ 2019లో అమెరికాలో అనుమతి పొందినది; 2024లో అది విపణినుండి ఉపసంహరింపబడినది. పరీక్షనాళికలో సరియైన తర్కము రోగి శరీరములోను నిలువవలెను గదా.

కావున ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. ఆ నడిమి వాక్యమును కొట్టివేసి, దాని స్థానమున ఇట్లు చెప్పుడు: "వాలీన్ చేరుటవలన, ఆమ్లజనిని విడిచిన హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అంటుకొని తంతువులగును, ఆ తంతువులు కణమును వంచును." మూడు మెట్ల పాఠము మూడు మెట్లుగానే ఉండును, పొడవు పెరుగదు. వెనుక వరుసనుండి ఎవరైన లేచి ప్రశ్న అడిగినచో జవాబు కూడ దానిలోనే ఉండును.