పత్రికలో మన చోటు ఎవరి చేతిలో ఉంది?

పత్రికలో మన పేరు కనబడగానే చోటు దొరికిందని మురిసిపోతాం. ఆ చోటు ఎవరిచ్చారు, ఎప్పటిదాకా ఇచ్చారు అని అడగం. వాషింగ్టన్ పోస్టులో జరిగింది చూశాకైనా అడగాలి.

2013లో అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ ఆ పత్రికను 25 కోట్ల డాలర్లకు కొన్నాడు. మొదట మారింది పని పద్ధతి. ఇంజనీర్లు వచ్చి విలేకరుల పక్కన కూచున్నారు. ఒకే వార్తకు రెండు మూడు శీర్షికలు పెట్టి, ఎక్కువమంది చదివినదాన్ని నిలబెట్టే ఏర్పాటు వచ్చింది. 2016 ఒలింపిక్స్ ఫలితాల చిన్న వార్తల్ని కంప్యూటరే రాసింది. పాఠకులు పెరిగారు, ఉద్యోగాలూ పెరిగాయి. అదంతా చెడ్డదనలేం. కానీ తలల లెక్కే తీర్పు చెప్పే చోట తక్కువమంది ఎప్పుడూ తక్కువే. మైనారిటీ అన్న మాటకు అర్థమే అది.

అయినా సౌదీ ముస్లిం జమాల్ ఖషోగ్గీ 2017లో అక్కడ రాయగలిగాడు. ఆయన్ని పిలిచింది లెక్కలు కాదు, కరెన్ అత్తయా అనే నల్లజాతి సంపాదకురాలు. ముస్లింగా ఉంటూనే తన దేశపు పాలకుల్ని నిలదీశాడాయన. ముస్లింలందరిదీ ఒకే గొంతు అనేవాళ్లకు అదే జవాబు. 2018 అక్టోబరు 2న ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేట్‌లో ఆయన్ని చంపేశారు. ఏడాది తర్వాత అక్కడ జరిగిన సంస్మరణకు బెజోస్ స్వయంగా వెళ్లాడు. ఆ గౌరవం అబద్ధమనను. అయితే గౌరవం వేరు, హక్కు వేరు.

అంతకుముందు యజమానులైన గ్రాహం కుటుంబానికి పత్రికే పరువు. బెజోస్‌కు అది, అమెరికా ప్రభుత్వంతో కాంట్రాక్టులున్న పెద్ద కంపెనీల మధ్య ఒక చిన్న ఆస్తి. 2024 అక్టోబరులో కమలా హారిస్‌ను బలపరుస్తూ సిద్ధమైన సంపాదకీయాన్ని ఆయన ఆపించాడు. రెండున్నర లక్షలమందికి పైగా చందాలు మానుకున్నారు. 2025 ఫిబ్రవరిలో అభిప్రాయాల పేజీలు ఇక వ్యక్తి స్వేచ్ఛ, స్వేచ్ఛా మార్కెట్ల పక్షాన్నే నిలబడతాయనీ, ఎదురు వాదనల్ని ఇతరులు అచ్చేసుకోవచ్చనీ ప్రకటించాడు. ఆ పేజీల సంపాదకుడు తప్పుకున్నాడు. సెప్టెంబరులో అత్తయాను తీసేశారు. చార్లీ కర్క్ హత్య తర్వాత సోషల్ మీడియాలో ఆమె రాసిన మాటల్ని కారణంగా చూపారు. ఖషోగ్గీకి తలుపు తీసిన మనిషినే గడప దాటించారు.

మన హైదరాబాదులో షోయబుల్లాఖాన్ ‘ఇమ్రోజ్’ నడిపాడు. రజాకార్లకు ఎదురు రాసినందుకు 1948 ఆగస్టులో ఆయన్ని చంపేశారు. సొంత పత్రిక ప్రాణం కాపాడలేదు, నిజమే. కానీ ఏం రాయాలో ఆయన ఏ యజమాని అనుమతీ అడగలేదు.

ముస్లింలకూ దళితులకూ పేజీలిచ్చామని చెప్పుకునే లౌకిక మిత్రులు ఈ తేడా గమనించాలి. మనం అడగాల్సింది వారానికో కాలమ్ కాదు, సంపాదకవర్గంలో కుర్చీ. దాన్ని యజమాని తనకు తోచినప్పుడు లాగేయకుండా రాతపూర్వకమైన హక్కు. అది దొరికేదాకా మన చిన్న పత్రికల్ని మనం చావనివ్వకూడదు.