అప్‌డేట్ వెనక పనితనం

నల్లగొండ కాలేజీ ల్యాబులోనో, మహబూబ్‌నగర్ ఆఫీసులోనో డెబియన్ లినక్స్ సర్వర్‌ను అప్‌డేట్ చేసేవాళ్లకు తెర మీద కొన్ని వరుసలే కనిపిస్తాయి. వాటి వెనక సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను సిద్ధం చేసే మెయింటెయినర్ల ఓపిక ఉంది. వాళ్లలో చాలామంది జీతం ఆశించని స్వచ్ఛంద కార్యకర్తలే.

కొత్త ఫైళ్లు పెట్టడం తేలికే. నడుస్తున్న సర్వీసును ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు మళ్లీ లేపాలి అన్నదే అసలు విద్య. ఆ పని ప్యాకేజీలోని చిన్న చిన్న స్క్రిప్టులది. యంత్రం చూసుకునేవాళ్లు తమ నిర్ణయం రాసి పెట్టుకునే ‘పాలసీ-ఆర్‌సి.డి’ స్క్రిప్టు ఉంటే, అవి ముందుగా దాన్ని అడగాలన్నది డెబియన్ పద్ధతి. అది 101, అంటే ‘వద్దు’, అని జవాబిస్తే సర్వీసు జోలికి పోవు.

స్టార్టప్ స్క్రిప్టును మనం మార్చుకుని, కొత్త ప్యాకేజీలోనూ అది మారితే, ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే ‘డిపికెజి’ ఆగి, ఏది ఉంచాలని అడుగుతుంది. ఊరికే ఎంటర్ నొక్కితే మనదే నిలుస్తుంది. హైదరాబాద్ నుంచి లాగిన్ అయి నల్లగొండ సర్వర్‌లో, ఆ లాగిన్‌కు వాడే ఎస్‌ఎస్‌హెచ్‌నే అప్‌డేట్ చేసినా మామూలుగా కనెక్షన్ తెగదు. కొత్తవాళ్లను లోపలికి తీసుకునే ప్రాసెస్ ఒక్కటే మళ్లీ మొదలవుతుంది. 2015లో డెబియన్ 8, సర్వీసులను మొదలుపెట్టే కొత్త వ్యవస్థ సిస్టమ్‌డికి మారినప్పుడూ, అదే పని చేసే పాత ఇనిట్ స్క్రిప్టులకు చోటుంచారు.

యంత్రం ఎవరిదో వాళ్ల మాటే చెల్లాలన్న మర్యాద ఈ పనిలో అడుగడుగునా ఉంది. కంప్యూటర్ నేర్చుకునే మన పిల్లలకు ప్రోగ్రాం రాయడంతో పాటు ఈ మర్యాదనూ నేర్పాలి.