‘పోలీసు చర్య’: ఒక పదము, దాని న్యాయార్థము, తెలంగాణ సాహిత్యము

పెద్ద కొడప్‌గల్ బాన్సువాడ ప్రాంతమునందలి గ్రామము. 2016 వఱకు నిజామాబాదు జిల్లాలో నుండి, నేడు కామారెడ్డి జిల్లాలో చేరినది. దీనికి ఒక వంక మహారాష్ట్రమునందలి నాందేడు జిల్లాయు, మఱియొక వంక కర్ణాటకమునందలి బీదరు జిల్లాయు సమీపముననే యున్నవి. వేఱొక వంక నిజామాబాదు పట్టణమును, దాశరథి కృష్ణమాచార్యులను 1948లో నిర్బంధించిన జైలును గలవు. ఆనాడు ఈ ప్రదేశములన్నియు నొకే రాజ్యములోనివి. తెలంగాణ సాహిత్యమును గూర్చి వ్రాసిన విమర్శకులు నిజామాబాదు జైలును చక్కగా చూచిరి. నాందేడు, బీదరు జిల్లాలవైపు మాత్రము వారి చూపు అంతగా మరలలేదు. దీనికి కారణమేమి? మేము పరిశీలింపదలచిన ప్రశ్న యిది. విమర్శకుల యుపేక్షయే దీనికి కారణమనుట తగదు. మనము చర్చింపకయే స్వీకరించిన ‘పోలీసు చర్య’ యను పదమునందు దీని మూలము కొంత గలదని మా యభిప్రాయము.

1948 సెప్టెంబరు 13వ తేదీన భారతసైన్యము హైదరాబాదు రాజ్యమున ప్రవేశించెను. 17వ తేదీన కాల్పులు నిలిచినవి. మఱునాడు నిజాము సేనాపతి ఎల్ ఎద్రూస్, భారత సేనాని జె. ఎన్. చౌధురికి లొంగిపోయెను. విమానములు, శకటములు, ఫిరంగులు పాల్గొన్న యీ కార్యమునకు సైన్యము పెట్టుకొన్న గుప్తనామము ‘ఆపరేషన్ పోలో’. లోకమున ప్రసిద్ధమైన పేరు మాత్రము ‘పోలీసు చర్య’. ఇది యాదృచ్ఛికముగా వచ్చిన పేరు కాదు. నిజాము ప్రభుత్వము ఆగస్టు నెలలోనే ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసియుండెను. భద్రతామండలి సెప్టెంబరు 16న పారిస్ నగరమున దానిని చర్చకు గైకొనెను. ఇది యుద్ధమైనచో రెండు రాజ్యములు పోరాడుచున్నవని యర్థము. అప్పుడు మండలికి ప్రసక్తి కలుగును. పోలీసు చర్యయైనచో నొక దేశము తన యింటిని చక్కదిద్దుకొనుచున్నదని యర్థము; ఇతరులకు ప్రసక్తి లేదు. కావున ఈ పదము జరిగినదానిని వర్ణించుటకంటె ముందు, దానికి వర్తించు న్యాయమును నిర్ణయించుచున్నది.

భారతప్రభుత్వము పక్షమున బలమైన హేతువు లేకపోలేదు. రజాకార్ల హింస కల్పితము కాదు. 1948 ఆగస్టులో పత్రికాసంపాదకుడు షోయబుల్లా ఖాన్ హైదరాబాదు వీథిలో హత్య గావింపబడెను. అదే నెలలో బైరాన్‌పల్లి గ్రామమున సామూహిక సంహారము జరిగెను. ప్రజలను తన యండగల మూకలనుండి రక్షింపజాలని ప్రభుత్వము, ఆ ప్రజలపై తన యధికారమును న్యాయ్యమని వాదించుట కష్టము. రక్షణ యవసరమా, కాదా యనునది మా ప్రశ్న కాదు. రక్షణకై పూనిన బలమునకు ఏ నియమము కట్టుబాటుగా నుండెనన్నదే ప్రశ్న.

ఆ సంఘర్షణమున ఆయుధము పట్టినవారి గతులను వరుసగా పరిశీలింతము. నిజాము సైనికులు సైనికులుగానే లొంగిరి. రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ దోపిడి నేరముపై శిక్షింపబడి, 1957లో విడుదలయై పాకిస్తానునకు వెడలెను. తెలంగాణ రైతాంగదళములలోని పెక్కురు హత్యానేరములపై ప్రత్యేక న్యాయస్థానముల యెదుట నిలువవలసివచ్చెను. రాజ్యాధిపతియైన నిజాము 1950 జనవరి 26న రాజప్రముఖుడయ్యెను. ఒకే కాలమున, ఒకే భూమిపై ఆయుధబలముతో సంబంధముగల నలుగురికి నాలుగు పేరులు, నాలుగు న్యాయములు లభించినవి. యుద్ధబాధితులను గూర్చిన జెనీవా ఒడంబడికలు 1949 ఆగస్టు 12న, అనగా ఈ చర్య ముగిసిన పదునొకండు నెలలకు గాని రూపొందలేదు. అంతర్యుద్ధమునందు సైతము ఆయుధము విడిచినవారిని మానవోచితముగా చూడవలెనను మూడవ అధికరణము వానియందే చేరినది. తెలంగాణ సాయుధపోరాటము 1951 అక్టోబరు వఱకు సాగినను, దానినెవ్వరును ‘అంతర్యుద్ధము’గా న్యాయపరిభాషలో గుర్తింపలేదు.

సర్వోన్నత న్యాయస్థానము జనార్దనరెడ్డి వర్సెస్ హైదరాబాదు రాష్ట్రమను వ్యాజ్యమున ఇచ్చిన తీర్పు ఈ సందర్భమున మిక్కిలి గమనింపదగినది. మరణదండన పొందిన తెలంగాణ ఖైదీలు, తమకు న్యాయవాదిని నియమించుకొను తగిన యవకాశము లభింపలేదని మొఱపెట్టుకొనిరి. వారిపై హైదరాబాదు ఉన్నతన్యాయస్థానపు తీర్పులు 1950 జనవరి 26కు పూర్వము వెలువడినవి. నాటికి ఆ న్యాయస్థానము రాజ్యాంగము చెప్పు భారతభూభాగములోనిది కాదు. కావున అప్పీలును వినుట తమ యధికారపరిధిలో లేదని సర్వోన్నత న్యాయస్థానము నిర్ణయించెను. ఆ మరణదండనలు తరువాత యావజ్జీవ శిక్షలుగా మారినవి. అది యటుండనిండు. 1948 సెప్టెంబరులో సైన్యము ప్రవేశించునపుడు హైదరాబాదు భారతదేశమునకు లోపలిది. అందుచేతనే అది పోలీసు చర్య. 1949లో శిక్షపడిన ఖైదీ అప్పీలు చేయునపుడు మాత్రము అదే హైదరాబాదు వెలుపలిది. ఈ రెండు వాదములును వేర్వేఱుగా న్యాయశాస్త్రసమ్మతములే కావచ్చును. కాని రెంటి నడుమ నొక మనుష్యుడు చిక్కుకొన్నాడు. అతనిని చట్టము చూడలేదు. సాహిత్యము చూచినదా?

‘అగ్నిధార’ 1949లో వెలువడినది. దాశరథి దానిని తన జైలు సహచరుడైన వట్టికోట ఆళ్వారుస్వామికి అంకితమిచ్చెను. ఆరుద్ర ‘త్వమేవాహం’ కూడ అదే సంవత్సరమున వెలువడినది. రజాకార్ల దౌష్ట్యమును విని, తెలంగాణమునకు వెలుపలనుండి పలికిన కావ్యమది. ఈ రెండును భయమును కలిగించు శక్తిని పేరుపెట్టి పిలిచినవి. వీనియందు శత్రువు స్పష్టము, కవి స్థానము స్పష్టము. విమర్శకులు వీనిని విమోచనకావ్యములుగా చదువుట సహజము, న్యాయ్యము. కాని ఇట్టి పఠనమునకు సెప్టెంబరు 17 అంతిమఘట్టమగును. కథ యచ్చటనే ముగియును.

ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ కథలు అచ్చట ముగియవు. ఆయన నిజాము కాలమునను బందీ. పోలీసు చర్య పిదపను బందీయే. ప్రభుత్వము మాఱినది, గోడ మాఱలేదు. ఇట్టి యనుభవము గల రాజకీయఖైదీ తన కథలలో తన్ను గూర్చి చెప్పుకొనవలసినది. ఆయన యట్లు చేయక, దొంగలుగను హంతకులుగను ముద్రపడిన సామాన్యఖైదీల జీవితములను చెప్పెను. దీనిని మానవతాదృష్టియని మెచ్చుకొని విమర్శకులు ముందునకు సాగిరి. ఆ మెప్పు సరియైనదేగాని చాలదు. రాజకీయఖైదీకిని నేరస్థునకును నడుమ గీతను గీయునది రాజ్యము. నేడు విప్లవకారుడైనవానిని రేపు బందిపోటని వ్రాయగలదు. ఆళ్వారుస్వామి ఆ గీతను తన పక్షమునకు అనుకూలముగా తిరుగగీయలేదు. గీతకు ఆవలనున్న వానిని మనుష్యునిగా చూపి, గీతయొక్క ప్రామాణ్యమునే ప్రశ్నించెను. ఈ సంపుటముయొక్క అసలు బలము ఇదియని మేము తలంచుచున్నాము.

ఇక నాందేడు, బీదరులను గూర్చి. చర్య పిదప జరిగిన సంఘటనలను విచారించుటకు పండిత సుందర్‌లాల్ బృందము 1948 చివర హైదరాబాదు రాజ్యమున పర్యటించెను. సామాన్య ముస్లిములపై జరిగిన ప్రతీకారహింసలో 27,000 నుండి 40,000 వఱకు ప్రాణములు పోయినవని ఆ బృందము అంచనా వేసెను. మిక్కిలి నష్టపోయిన జిల్లాలు ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు. ఆ నివేదిక దీర్ఘకాలము ప్రజలకు అందుబాటులో లేక, 2013లో గాని బహిరంగము కాలేదు. అయిదు దినముల ‘పోలీసు చర్య’లో ఈ మృతులకు తావు లేదు. వారు సైనికులు కారు. రజాకార్లని చెప్పుటకును ఆధారము లేదు. యుద్ధము జరుగలేదనినచో యుద్ధబాధితులును లేరనవలసివచ్చును. పదము చరిత్రను మూసివేయు తీరు ఇట్టిది.

తెలుగు కథకులలో నెల్లూరి కేశవస్వామి ‘యుగాంతం’ కథలో ఈ మూతను తెఱచుటకు పూనుకొనెను. ‘చార్మినార్’ సంపుటమునందలి కథలు హైదరాబాదు హిందూముస్లిముల సహజీవనమును లోపలినుండి యెఱిగినవాని కథలు. ‘యుగాంతం’ అను పేరే సెప్టెంబరు 17ను ఒకరికి ఉదయముగాను, వేఱొకరికి అస్తమయముగాను చూపుచున్నది. ఈ కథను ‘అగ్నిధార’కు ప్రతిపక్షముగా చదువరాదు. ఒకటి భయపెట్టినవానిని చూపినది. మఱియొకటి, వాని పేరున శిక్షింపబడిన నిరపరాధిని చూపినది. రెంటిని కలిపి చదివిననే సత్యము పూర్ణమగును.

సాహిత్యము న్యాయస్థానము కాదుగదా, కవినుండి సాక్ష్యము కోరుట తగునాయని కొందఱు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపము సమంజసమే. మేము కవిని బోనులో నిలుపుట లేదు. విమర్శకుడు వాడు మాటలను మాత్రము పరీక్షింపుమనుచున్నాము. సెప్టెంబరు 17ను 2022లో కేంద్రప్రభుత్వము విమోచన దినమని, రాష్ట్రప్రభుత్వము సమైక్యతా దినమని జరిపినవి. 2024లో రాష్ట్రప్రభుత్వము దానికి ప్రజాపాలనా దినమని పేరిడినది. ప్రభుత్వములు తమకు తగిన పేరును ఎన్నుకొనును. పరిశోధకుడును అట్లే యెన్నుకొన్నచో పరిశోధనమునకును ప్రకటనకును భేదముండదు.

ఇది గతమునకు మాత్రమే చెందిన విషయమును గాదు. 2001 పిదప అమెరికా ‘శత్రుయోధులు’ అను పేరు వాడి, గ్వాంటనామోలో బంధించినవారికి యుద్ధఖైదీల హక్కులను గాని, నేరస్థుల హక్కులను గాని ఈయనిచ్చగింపలేదు. 2006లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానమే, జెనీవా ఒడంబడికల మూడవ అధికరణము వారికిని వర్తించునని చెప్పవలసివచ్చెను. మన దేశమున 1967 నాటి చట్టవిరుద్ధ కార్యకలాపముల నివారణ చట్టమునకు 2019లో జరిగిన సవరణ, న్యాయస్థానమున నేరము రుజువు కాకమునుపే ఒక వ్యక్తిని ఉగ్రవాదిగా ప్రకటించు నధికారమును కేంద్రప్రభుత్వమున కిచ్చినది. ఉగ్రవాదము నిజము, దానినుండి ప్రజలను కాపాడుట రాజ్యధర్మము. అయినను పేరు ముందు, విచారణ తరువాత యనునపుడు జరుగు ప్రమాదమును తెలంగాణము 1948 నుండి 1951 వఱకు అనుభవించియే యున్నది.

కావున పరిశోధకవిద్యార్థులకు మా విన్నపమొకటి. ఈ కాలపు సాహిత్యమును చదువునపుడు ప్రతి పాత్రకును రచయిత యిచ్చిన పేరును, రాజ్యమిచ్చిన పేరును ప్రక్కప్రక్కన వ్రాసికొనుడు. బాన్సువాడ, పెద్ద కొడప్‌గల్, దెగులూరు, ఔరాదు వంటి సరిహద్దు ప్రాంతములలో తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ భాషలలో నిలిచియున్న పెద్దల జ్ఞాపకములను సేకరింపుడు. ఆ దినములను కన్నులార చూచినవారు ఇప్పుడు ఎనుబది యేండ్లు దాటినవారు. వారిలో పెక్కురు ఇదివఱకే గతించిరి. నివేదిక వెలికివచ్చుటకు అఱువదియేండ్లకు మించి పట్టినది. జ్ఞాపకమునకు అంత గడువు లేదు.