నిషేధోపసర్గములు – మన అనువాదములు

ఆంగ్లపదమునకు ముందు నిషేధోపసర్గము కనబడినతోడనే ‘అ’కారమునో ‘నిర్’ అనుదానినో తగిలించి తృప్తినొందుట మన అనువాదకులలో పెక్కుమందికి అలవాటైనది. ఇది అనర్థమూలమని మా తలంపు.

ఉపసర్గములన్నియు నొకేపని చేయవు. ‘అన్‌ఇంటరెస్టెడ్’ అనగా ఆసక్తి లేనివాడు. ‘డిస్‌ఇంటరెస్టెడ్’ అనగా స్వలాభాపేక్ష లేనివాడు. రెంటిని ‘నిరాసక్తుడు’ అన్నచో న్యాయాధిపతిని మెచ్చుకొనబోయి నిందించినవారమగుదుము. ‘ఇన్‌వాల్యుబుల్’ విలువ లేనిది కాదు, వెలకట్టరానిది. మన ‘అమూల్యము’ వంటిదే.

‘నాన్’ అనునది తరచుగా వేరని మాత్రమే చెప్పును. ఏజెన్సీ ప్రాంతములలో భూమి గిరిజనులు కానివారికి బదలాయింపరాదన్న 1970 నాటి 1/70 చట్టమును తెలుగున చెప్పునపుడు ‘గిరిజనేతరులు’ అనుచున్నాము. ఇందు నిందయు లేదు, స్తుతియు లేదు. మాట సరిగా కుదిరినది.

‘ఇల్లిటరేట్’ అట్లు కుదురలేదు. ఇచ్చోడ పరిసరముల గోండు గూడెములలో తెలుగు చదువలేని పెద్దలను ‘నిరక్షరాస్యులు’ అని వ్రాసికొనుచున్నాము. అదే ఆదిలాబాదు జిల్లాలో, నార్నూరు మండలమందలి గుంజాల గ్రామమున, గోండీభాషకు సొంత లిపియు, అందు వ్రాసిన ప్రతులును గలవు. 2018లో ఆ లిపి యూనికోడునందు చేరినది. దానిని చదువగల పెద్దకు లేనిది అక్షరము కాదు, మన అక్షరము. ఒక్క ఉపసర్గము ఒక జాతి విద్యనే తుడిచివేయుచున్నది.

లేని, కాని, రాని, ఇతర — ఇన్ని మాటలు మనకుండగా అన్నిటికి ‘అ’కారమే ఏల? లేకపోవుటయా, కాకపోవుటయా, వేరగుటయా అని విచారించి వ్రాయుట అనువాదకుని ధర్మము.