కట్ట ఎవరి పని?

కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణం’ గురించి ఎవరు రాసినా రెండు మాటలు తప్పవు: తొలి ఆధునిక ఖండకావ్యం, విషాదాంతం. 1899లో, ఇరవై నిండని కాలేజీ కుర్రాడు మద్రాసులో ఒక పోటీ కోసం రాశాడు. కథ మాత్రం మా అనంతపురానిది. బుక్కరాయసముద్రం చెరువుకట్ట తెగిపోతోంది. బసిరెడ్డి కోడలు ముసలమ్మను బలిస్తే నిలుస్తుందని ఒక వాక్కు వినిపిస్తుంది. పేరుకే ముసలమ్మ, పడుచు వయసు, చంటిబిడ్డ తల్లి. ఇంట్లోవాళ్ళ దగ్గర సెలవు తీసుకుని గండిలోకి నడిచిపోతుంది.

త్యాగం, కరుణరసం, పాత్రౌచిత్యం గురించి పెద్దవాళ్ళు చాలానే చెప్పారు. నేను చదివింది ఇంజినీరింగు. నా చూపు కట్ట మీదికే పోయింది. అసలు ఆ కట్ట చూసుకోవాల్సింది ఎవరు?

ఇది ఆ కాలానికి అంటగట్టకూడని ప్రశ్నేం కాదు. ఈ చెరువు 14వ శతాబ్దంలో బుక్కరాయల మంత్రి కట్టించింది. అదే కాలపు పోరుమామిళ్ళ చెరువు శాసనం (1369) చూడండి. చెరువుకి ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు చెక్కించారు. కట్ట నుంచి నీరు కారడం ఆ దోషాల్లో ఒకటి. రోజుకి వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని లెక్క కూడా ఉంది. చెరువు బాగోగులు చూసేవాళ్ళకి దశబంధం మాన్యాలు ఇచ్చే పద్ధతీ సీమలో ఉండేది. అంటే తెలివికి కరువు లేదు. కావ్యంలో మాత్రం ఆ లెక్కంతా మాయమై, ఊరు ఊరంతా ప్రేక్షకులైపోయి, ఒక కోడలు మిగులుతుంది. నాకు కనిపించిన పెద్ద లోపం ఇదే.

ఇదెందుకు గుచ్చుకుందంటే, ఇలాంటి కట్ట ఒకటి నేనూ చూశాను. బెంగళూరులో నేను ఇదివరకు పనిచేసిన చోట (పేరెందుకు) ఒక పాత సిస్టమ్ నెలకోసారి పడిపోయేది. మా టీంలో ఒకమ్మాయి రాత్రిళ్ళు కూర్చుని లేపేది. కేక్ కోసి, ‘హీరో’ అని అవార్డిచ్చారు. దాన్ని బాగుచేయాలని ఆర్నెల్ల ముందు ఆ అమ్మాయే పెట్టిన టికెట్ మాత్రం ఎవరూ తెరవలేదు. మరుసటి నెల మళ్ళీ ఫోన్ తనకే. మేనేజర్‌కి ఇది సమస్యలా కనిపించలేదు, పని జరుగుతోంది కదా! తను మానేసిన రోజు మాలో ఎవరికీ కోపం కూడా రాలేదు. అంత ఆశ కూడా మిగల్లేదు.

మనం ముసలమ్మకి మొక్కుతాం, ఆ కట్టకి ఆమె పేరే పెట్టుకున్నాం. మొక్కితే మరమ్మతు వాయిదా పడుతుంది.

విచిత్రమేంటంటే, కట్టమంచి తర్వాత ‘కవిత్వతత్త్వవిచారము’ (1914) రాసి, పాత కావ్యాలను గౌరవంతో కాదు, హేతువుతో చదవమన్నాడు. 1930లో ప్రభుత్వ అణచివేతకు నిరసనగా ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ పదవికి రాజీనామా చేశాడు. ఆ దారి తన కథానాయికకు లేదు.

ఇన్ని అన్నాక కూడా చదవమనే అంటాను. చిన్న పుస్తకం, నిఘంటువు పక్కన పెట్టుకుంటే ఒక సాయంత్రం పని. బిడ్డను వదిలే ఘట్టం దగ్గర నా ఇంజినీరింగేమీ పనిచేయలేదు. రెండుసార్లు చదివాను.