మహాత్ముడు కాకముందు: ఒక చిత్రం, ఒక ప్రశ్న

గత మాసం మా ఆదివారపు తెలుగు తరగతిలో పెద్ద పిల్లలకు శ్యామ్ బెనెగల్ గారి ‘ది మేకింగ్ ఆఫ్ ది మహాత్మ’ చిత్రాన్ని చూపించాము. 1996లో ఈ చిత్రం వచ్చినప్పుడు మేము యౌవనంలో ఉన్నాము; చూసి గర్వించాము. ఈసారి చిత్రం ముగిసి దీపాలు వెలిగించగానే ఒక పదమూడేళ్ళ అమ్మాయి లేచి, “టీచర్, ఇందులో మన అవ్వావాళ్ళు ఎక్కడ ఉన్నారు?” అని అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాము. పాఠకుల ముందు ఇప్పుడు పెడుతున్నది ఆ జవాబు కోసం మేము చేసిన ఆలోచనే.

ముందుగా చిత్రం సంగతి. 1893లో ఒక వ్యాపారి దావా పనిమీద డర్బన్ రేవులో దిగిన ఇరవైమూడేళ్ళ న్యాయవాది, 1914లో ఈ దేశం విడిచి వెళ్ళేనాటికి ఏమయ్యాడన్నదే కథ. దీనికి ఆధారం మన డర్బన్ బిడ్డ ఫాతిమా మీర్ గారి పుస్తకం. బెనెగల్ గారు హైదరాబాదు ప్రాంతంలో పుట్టి పెరిగినవారు. 1978లో ‘అనుగ్రహం’ అనే తెలుగు చిత్రం కూడా తీశారు. గాంధీగా నటించిన రజిత్ కపూర్ గారికి జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం లభించింది. పాటలు, పోరాటాలు కోరేవారికి ఈ చిత్రం చప్పగా తోచవచ్చు. నిదానంగా నడిచే చిత్రం ఇది.

దీని గొప్పతనం ఏమిటంటే, మనం గోడమీద బొమ్మగా చూసి దండం పెట్టుకునే మనిషిని ఇంట్లోకి తెచ్చి చూపుతుంది. ఈ గాంధీకి కోపం వస్తుంది. తాను నమ్మినదానిని భార్యాపిల్లలమీద బలవంతంగా రుద్దుతాడు. డర్బన్ ఇంట్లో పంచమ కులస్థులకు పుట్టిన ఒక క్రైస్తవ గుమాస్తా మూత్రపాత్రను కస్తూరిబా ఏడుస్తూ ఎత్తిందనీ, తాను కోపంతో ఆమెను గుమ్మందాకా ఈడ్చుకుపోయాననీ గాంధీగారే తమ ఆత్మకథలో ఒప్పుకున్నారు. అటువంటి సంసారపు నొప్పిని పల్లవి జోషి గారి కళ్ళలో చూస్తాము. పెద్దకొడుకు హరిలాల్ దుఃఖాన్ని కూడా చిత్రం దాచలేదు. ఒకరు మహాత్ములు కావడానికి ఇంట్లోవారు ఎంత చెల్లించారో చెప్పడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యానికి మా నమస్కారం.

ఇక మా ఫిర్యాదు. ఇది ఇంగ్లీషు చిత్రం. ఇంట్లో మొగుడూపెళ్ళాలు ఇంగ్లీషులో పోట్లాడుకుంటారు. లోకమంతటికీ అర్థం కావాలని అలా చేసి ఉండవచ్చు. కాని చెరకుతోటల్లోనూ బొగ్గుగనుల్లోనూ పనిచేసిన గిర్మిటు కూలీలు తెలుగు, తమిళం, భోజ్‌పురి మాట్లాడారు. మాట పోయాక మనిషి సగమే మిగులుతాడు. అందుకే చిత్రంలో మనవాళ్ళు గాంధీగారి వెనుక నిలబడిన గుంపుగానే కనిపిస్తారు. ఆయన మాట్లాడితే వింటారు, నడిస్తే నడుస్తారు.

చరిత్ర అలా లేదు. గిర్మిటు తీరినా తిరిగి ఒప్పందం రాయక, స్వదేశానికీ వెళ్ళక ఇక్కడే నిలిచినవారిపై ఏటా 3 పౌన్ల పన్ను వేశారు. మొదటి సంవత్సరం మగకూలీ జీతం నెలకు 10 షిల్లింగులు. 3 పౌన్లంటే 60 షిల్లింగులు, అంటే ఆ లెక్కన ఆరునెలల కష్టం! 1913 అక్టోబరులో న్యూకాసిల్ గనుల్లో సమ్మె మొదలైంది. నవంబరులో గాంధీగారిని అరెస్టు చేశాక తీరప్రాంతపు చెరకుతోటల్లో సమ్మె అంటుకుంది. అక్కడి కూలీలు ఆయన ఆజ్ఞకోసం చూడలేదు, తామే కత్తులు కిందపెట్టారు. 1914లో ఆ పన్ను రద్దయింది. మహాత్ముణ్ణి తయారుచేసిన చేతుల్లో ఆ చేతులూ ఉన్నాయని చిత్రం పేరే చెప్పాలి. కాని కథ ఆ చేతులను దూరంనుంచే చూసింది.

ట్రాన్స్‌వాల్ వైపు సాగిన ఆ యాత్రలో 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు ఉన్నారని గాంధీగారు లెక్క రాశారు. లెక్క మిగిలింది గాని, అందులో చాలామంది పేర్లు మన నాలుకలమీద మిగలలేదు. ఓడ జాబితాల్లో మన పూర్వులదీ అదే స్థితి: ఒక నంబరు, పేరు, వయస్సు, కులం, ఊరు.

మరొక మాట. 2015లో అశ్విన్ దేశాయ్, గులాం వాహెద్ గారలు రాసిన పుస్తకం, ఆ కాలపు గాంధీ ఆఫ్రికనుల పట్ల ఎలా ప్రవర్తించాడన్న ప్రశ్నను గట్టిగా వేసింది. ఆ పుస్తకం చదివి ఈ చిత్రాన్ని మళ్ళీ చూసినవారికి, 1906 జూలూ తిరుగుబాటులో ఆయన బ్రిటిషువారి పక్షాన డోలీలు మోయించిన సంగతి అంత సులభంగా మింగుడుపడదు. మన పొరుగువారి గాయం గురించి కూడా మన పిల్లలకు చెప్పాలి. మహాత్ముడు పుట్టుకతో మహాత్ముడు కాడన్నది ఈ చిత్రం మాటే కదా!

అయితే తప్పంతా బెనెగల్ గారిదేనా? గాంధీగారు ఉత్తరాలు రాశారు, పత్రిక నడిపారు, ఆత్మకథ రాశారు. కాబట్టి ఆయన గదిలో ఏం జరిగిందో ఊహించడానికి దర్శకుడికి దారి దొరికింది. మన అవ్వల గదిలో ఏం జరిగిందో ఊహించడానికి ఎవరైనా ఏదైనా రాసి పెట్టారా? సర్దారును చూసి ఎందుకు భయపడ్డారో, రాత్రి బారెక్సులో ఏ పాట పాడారో, మనం అడిగి ఉంచామా? మేమూ అడగలేదు. అవ్వ బతికి ఉన్నప్పుడు మాకు తెలుగు రాదు. తరగతిలో కూర్చుని తెలుగు నేర్చుకునేనాటికి అవ్వ లేదు.

ఆ అమ్మాయికి మరుసటి ఆదివారం జవాబు చెప్పాము: “ఇందులో వాళ్ళు వెనుక వరుసలో ఉన్నారమ్మా. ముందు వరుసకు తేవలసింది మనమే.” ఆ పిల్ల ఇంటికి వెళ్ళి తన నాయనమ్మను అడిగి అరపేజీ తెలుగు రాసి తెచ్చింది. తప్పులున్నాయి, దిద్దాము, కాని ఒక్క మాట కూడా కొట్టివేయలేదు. పాఠకులు ఈ చిత్రాన్ని ఇంటిల్లిపాదీ కలిసి చూడవలెనని, చూసిన రాత్రే ఇంట్లోని పెద్దవారిని ఒక్క ప్రశ్నయినా అడగవలెనని మా మనవి.